జానెడున్నర దూరం

వైశాఖంలో నేర్చుకున్నాను ఈ పని.
చెప్పులు కొన్న అట్టపెట్టెకి రెండు చిల్లులు,
పైన నిలబెట్టిన ఫోను,
లోపల పళ్లెంలో ఒక తాటిముంజ.
నీళ్లు చిట్లకుండా
ముంజకి పైపొర ఒలవాలి,
అంతే.
వేళ్లతో కాదు,
జానెడున్నర ఉక్కు కడ్డీ చివర
గండుచీమ దవడలంత పట్టకారుతో.

మొదటి రోజు పదకొండు ముంజలు.
పదకొండూ చిట్లాయి.
హాస్టలు పిల్లి వచ్చి పళ్లెం నాకింది.

గట్టిగా పడితే చిరుగుతుంది,
మెత్తగా పడితే జారుతుంది,
ఆ రెంటి మధ్య సందెంతో
వేలికి తెలుసు.
కడ్డీకి తెలియదు.
అది నాకు చెప్పేదల్లా
రబ్బరు బిరడాలో తన రాపిడి సంగతే.
ఉత్తరం ఇవ్వకుండా
తన మోకాళ్ల నొప్పులు చెప్పి వెళ్లిపోయే
పోస్టుమాను లాగ.

పైగా తలకిందుల లోకం.
చెయ్యి కుడికంటే కొన ఎడమకంటుంది.
అది మాత్రం నాకు కొత్త కాదు.
సఖినేటిపల్లి రేవులో మా మేనమామ
చుక్కాని కర్రని ఒడ్డు వైపు తోసి
పడవని ఒడ్డుకి దూరం చేసేవాడు.

ఒకసారి తప్పు చేశాను.
మొగల్తూరు నుంచి వచ్చినావిడ. పేరు రాయను.
తెర మీద అంతా బాగానే ఉంది,
పిత్తాశయం మెడ దొరికిందనుకున్నాను,
నా పిడికిలి ఎంత బిగిసిందో
నాకే తెలియలేదు.
తెరంతా ఆకుపచ్చ పసరు,
వెనకే నెత్తురు.
గాలి తీసేసి, పొట్ట కోసి,
చివరికి నా వేళ్లే వెళ్లాయి లోపలికి.
తొమ్మిదో రోజు ఆవిడ ఇంటికెళ్లింది,
వెళ్లాక అరటిగెల పంపింది.
గెల ముగ్గింది. వార్డంతా తిన్నారు.
నేను ఒక్క పండూ ఒలవలేదు.

ఈ ఏడు మళ్లీ ముంజల కాలంలో
అంతర్వేది పల్లిపాలెం నుంచి
కొల్లాటి ఏడుకొండలు వచ్చాడు.
"రేపు ఏటి చేత్తారండి?" అన్నాడు ముందురోజు రాత్రి.
చెప్పాను: నాలుగు చిల్లులు, పొడుగు కడ్డీలు,
నా చెయ్యి లోపలికి రాదు.
"అయితే గాలవేనండి" అన్నాడు.

మరి ఇరవై బారల నీళ్ల కింద
చేప నోరు నీకెలా తెలుస్తుంది?

తాడు కోసి కోసి గాడిపడ్డ
చూపుడువేలు చూపించాడు.
"లాగినప్పుడు ఎవడికైనా తెలుత్తదండి.
ఊరుకున్నప్పుడు తెలవాల. ఆయ్!
అది ఊరుకుందంటే నోట పెట్టుకుందన్నమాట.
అప్పుడు మనవూ ఊరుకోవాలండి."

పొద్దున్న అతని పొట్టలో
వాచి, మందమెక్కి, జారిపోయే సంచి.
పట్టాను. లాగలేదు.
ఊరుకున్నాను.

పట్టకారు పళ్ల చుట్టూ
కండ తెల్లబడుతోంది.
నెత్తురు పక్కకి తప్పుకుంటోంది.
వేలికి రావలసిన కబురు
దారి తప్పి కంటికి వచ్చింది.
టిక్కుమని ఒక్క పన్ను వదిలాను.
గులాబీ రంగు మెల్లగా వెనక్కొచ్చింది,
పట్టు మాత్రం జారలేదు.

"తెర ఆగిపోయిందా మేడమ్?" అంది
కెమెరా పట్టుకున్న సువార్త.
ఫాను కింద ఎవరో దగ్గారు.

గంటా పది నిమిషాలు.
సంచి చిట్లకుండా బయటికొచ్చింది.
లోపల చింతగింజల్లాంటి రాళ్లు, ఆరు.
ఏడుకొండలు వాటిని సీసాలో వేయించుకుని
చెవి దగ్గర ఆడించి చూసుకున్నాడు.

సాయంత్రం నరసాపురం రేవులో
అర డజను ముంజలు కొని పంటెక్కాను.
ఉంగరాల పిడిలో నలిగిన బొటనవేలు
మొద్దుబారి ఉంది,
రెండు రోజులకి గాని దిగదు ఆ తిమ్మిరి.
వశిష్ఠ మధ్యకొచ్చాక ఒక ముంజ తీసి
గోటితో పొర పట్టుకున్నాను.
కడ్డీ లేదు, రబ్బరు లేదు, తెర లేదు,
మధ్యలో ఏమీ లేదు.

చిట్లింది.
చుడీదారు ముందంతా నీళ్లు.
సైకిలు పట్టుకుని నిలబడ్డ కుర్రాడు
నవ్వు ఆపుకోలేక నది వైపు తిరిగాడు.

ఇంకోటి తీశాను.